కొట్టంలో ఆరు బర్రెలు

"లేవు" అన్న మాట సత్తెమ్మ నోటి నుంచి రాదు. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటుంది, నూనె అయిపోతే రేపు తేవాలి అంటుంది. ఇది తెలుగిళ్లలో అందరూ చేసేదే, ఇందులో విడ్డూరమేమీ లేదు. కానీ గౌలిపురలో ఆమెలాంటి పాత పాలవాళ్ల ఇళ్లలో ఇంకో పట్టింపు ఉండేది. ఇంటి పెద్దమ్మ తన నోటితో "కొట్టంలో పశువుల్లేవు" అనకూడదు. అలా అంటే ఇక ఆ కొట్టంలో ఏనాడూ పలుపు కట్టే పని పడదట. దాన్ని మూఢనమ్మకమనండి, మొండితనమనండి, మీ ఇష్టం. ఆ మొండితనం సత్తెమ్మకు పాలవాళ్లందరి వాటా కలిపి ఒక్కదానికే వచ్చింది.

ఐరోపాలో యుద్ధం మొదలైన ఏడు పట్నంలో పశువులకు గత్తర తగిలింది. సత్తెమ్మ కొడుకు ఓదెలు కొట్టంలో ఆరు బర్రెలుండేవి. వారం తిరక్కుండా ఆరూ పోయాయి. ఆఖరిదాన్ని బండి మీద వేసి తీసుకెళ్తుంటే వాడకట్టు వాళ్లు పలకరించడానికి వచ్చారు. సత్తెమ్మ గడపలో నిలబడి, కళ్లు తుడుచుకోకుండానే, "మందకు పోయినయి, పొద్దూకినంక వస్తయి" అంది. వచ్చినవాళ్లు తలలు వంచుకుని వెళ్లిపోయారు.

అప్పటి నుంచి మూడేళ్లుగా ఆమె రోజూ కోడికూతకు లేచి ఆ ఖాళీ కొట్టం ఊడుస్తోంది. పక్కింటి నుంచి పేడ అడిగి తెచ్చి నేల అలుకుతోంది. తొట్టిలో నీళ్లు మారుస్తోంది. పాతబడ్డ పలుపులు తీసేసి కొత్తవి పేని గుంజలకు కడుతోంది. ముసలామెకు మతి చలించిందేమోనని ఓదెలు మొదట్లో భయపడ్డాడు. తర్వాత అలవాటు పడిపోయాడు. అసలు అతనికి వేరే ఫికర్లు చాలా ఉన్నాయి మరి.

పాలు పిండటం, పాలు పోయడం తప్ప ఓదెలుకు ఇంకో పని చేతకాదు. తాత చేసిందీ అదే, తండ్రి చేసిందీ అదే. కొత్త పశువులు కొనే తాహతు లేదు, పోనీ ఇంకొకరి కొట్టంలో పాలు పిండే పనికి వెళ్దామంటే ఎవరూ రానివ్వలేదు. ఆరు బర్రెలు చచ్చిన చెయ్యి అది. ఆ చెయ్యి తగిలితే తమ వాటికీ గత్తర అంటుకుంటుందని సొంత మేనమామే కొట్టం తలుపు దగ్గరకు వేశాడు. ఫలక్‌నుమా స్టేషన్‌లో మూటలు మోద్దామని పోతే అక్కడి హమాలీలు కొట్టడమొక్కటే తక్కువ. సైదాబాద్ దిక్కు తోటల్లో బావి తవ్వకానికి కొన్నాళ్లు పోయాడు, నీళ్లు పడ్డాక పొమ్మన్నారు. అంతే, ఆ తర్వాత పని అనేది లేదు. పొద్దున లేచి అరుగు మీద కూర్చోవడం, ఎండ అరుగు మీదికి వస్తే లేచి గోడ వారకు జరగడం. పాలబిందెలతో పోయే తోటివాళ్లు మొదట్లో ఆగి పలకరించేవాళ్లు. తర్వాత్తర్వాత చూపు తిప్పుకుని పోవడం నేర్చుకున్నారు. మగవాడు అలా మూడేళ్లు కూర్చుంటే లోపల ఏమవుతుందో కూర్చున్నవాడికే తెలియాలి.

ఇల్లు గడిపేది ఓదెలు పెళ్లాం పుష్పమ్మ. ఆ మొగుడూపెళ్లాలకు పిల్లలు లేరు. వీధి చివర పశువుల దాణాకు చెక్క, పత్తిగింజలు అమ్మే వైకుంఠం సేటుది పెద్ద లోగిలి. వాళ్లింట్లో ఆమె మిరపకాయలు, పసుపుకొమ్ములు దంచుతుంది. సేటు పట్నంలో సగం దుకాణాలకు కారం పంపుతాడు, కాబట్టి దంచడానికి ఓ ఆరంభం, ఓ అంతం ఉండవు. ఆ ఘాటుకు పుష్పమ్మకు దగ్గు పట్టుకుంది. మొదట పొద్దున పూట వచ్చేది, తర్వాత పగలూ రాత్రీ వచ్చింది. పోయిన చలికాలం దగ్గులో ఎర్రజీర కనబడితే ఓదెలు ఆమెను హకీం దగ్గరకు తీసుకుపోయాడు. హకీం నాడి చూసి, ఛాతీ మీద చెవి పెట్టి విని, "ఈమెను కారం దగ్గరికి పోనీకు. ఇంకో చలికాలం గా ఘాటుల ఉంటే మనిషి దక్కది" అన్నాడు.

పోనీకుంటే తినేదేమిటి? హకీం దానికి మందు చెప్పలేదు. పుష్పమ్మ మర్నాడు మూతికి గుడ్డ కట్టుకుని మళ్లీ రోకలి పట్టింది.

అలాంటి రోజుల్లో, వానలు వెనక్కి తగ్గాక, లాల్‌దర్వాజా దగ్గర డప్పు వేసి చాటింపు వేశారు. రెండేళ్లకు పైగా పని లేక బేకారుగా ఉన్నవాళ్లను సర్కారు చేరదీస్తుందట. ఆరు నెలలు కార్ఖానాలో ఇనుప పని నేర్పుతారట. నేర్చుకునే రోజుల్లో కూడా కూలి ఇస్తారట, ఆ మీదట పనిలో పెడతారట. యుద్ధం మూలాన కార్ఖానాలకు చేతులు కావాలి, అదీ అసలు సంగతి. మంచి బుద్ధి పుట్టడానికి సర్కారుకు ఒక యుద్ధం కావలసి వచ్చింది. ఏదైతేనేం, పుట్టింది కదా అనుకున్నారు జనం.

చార్మినార్ అవతల ఓ మేడ మీద ఆ దఫ్తర్. అక్కడ మున్షీ పేరు రామ్‌చందర్. సన్నగా, నెరిసిన మీసంతో ఉంటాడు. తెలుగూ ఉర్దూ కలగలిపి మాట్లాడతాడు, కసురుకోడు. ఓదెలు వంతు వచ్చినప్పుడు బల్లకు బిగించిన ఒక ఇనుప పట్టీ చూపించి, దాన్ని నొక్కమన్నాడు. ఓదెలు నొక్కాడు. మున్షీ కళ్లెత్తి చూశాడు.

"ఏం పని చేసేటోనివి?"

"పాలు పిండేటోన్ని సాబ్."

"అందుకే. పట్టు మస్తుంది. ఇసొంటి చేతులే కావాలె."

మూడేళ్లలో ఆ చేతులను బాగున్నాయని అన్న మొదటి మనిషి అతనే. ఓదెలు చేతులు వెనక్కి దాచుకుని, ఏడుస్తానేమోనని పైకప్పు కేసి చూశాడు.

"రెండు జాగాలే మిగిలినయి. నీ పేరు ఒకదాంట్ల రాస్తున్న" అన్నాడు మున్షీ. "ఎల్లుండి మీ ఇంటికొస్త. తహకీకాత్ చెయ్యాలె, నిజమో కాదో చూడాలె. ఇంట్ల ధంధా పెట్టుకొని గూడ కొందరు బేకార్ అని రాయించుకుంటున్నరు. అందుకని నీ మాట, నీ పెండ్లాం మాట చెల్లది. ఇంటి పెద్ద నోటితోని చెప్పియ్యాలె, ఇంట్ల ఏ ధంధా లేదని. ఎవరున్నరు పెద్ద?"

"మా అవ్వ" అన్నాడు ఓదెలు. అన్నాక గానీ ఆమె పట్టింపు అతనికి గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చేసరికి సత్తెమ్మ కొట్టంలో కూర్చుని పలుపు పేనుతోంది. ఓదెలు ఆమె ఎదురుగా గొంతు కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు జనుము చీలికలు అందించాడు.

"అవ్వా, ఎల్లుండి సర్కారు మనిషి వస్తడు."

"రానియ్యి."

"నిన్ను ఒక్క మాట అడుగుతడు. కొట్టంల పశువులెన్ని అని."

ఆమె చేతులు ఆగాయి. "నువ్వు చెప్పుకో. నువ్వంటే తప్పు లేదు."

"నా మాట చెల్లదట. ఇంటి పెద్ద నువ్వేనాయె. లేవు అని ఒక్క మాట అను. అంతే."

"అంతేనా?" అంది సత్తెమ్మ. "మా అత్త నాకు ఈ కొట్టం అప్పజెప్పిననాడు ఒక్కటే చెప్పింది. బర్రె పోతే ఇంకో బర్రె వస్తది, నోరు జారితే ఏదీ రాదు అని. మీ నాయిన పోయిననాడు ఇంట్ల గింజ లేకుండె. కొట్టంల ఒక్క దూడ మిగిలింది. గది గూడ చావుబతుకుల ఉండె. గప్పుడు గూడ నేను గా మాట అనలే. అనలే గనుకనే మల్ల ఆరయినయి."

"గిప్పుడు ఉన్నయని చెప్పి ఏం తింటున్నం అవ్వా?"

"ఉన్నయని నేనెప్పుడన్న? లేవని అనలే, గంతే."

ఓదెలుకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఈమెతో వాదించి గెలిచినవాడు గౌలిపురలో పుట్టలేదు. అప్పుడే ఇంట్లోంచి పుష్పమ్మ దగ్గు వినిపించింది. అది ఎంతకీ ఆగలేదు. దగ్గు ఆగాక కూడా, మళ్లీ వస్తుందేమోనని ఇద్దరూ చెవి ఒగ్గే ఉన్నారు.

"నేను కార్ఖానాల చేరితే పుష్ప ఇంటి పట్టున ఉంటది" అన్నాడు ఓదెలు. "లేకపోతే ఈ చలికాలం దాటది అవ్వా. హకీం చెప్పింది నువ్వూ విన్నవు."

సత్తెమ్మ పలుపు పక్కన పెట్టింది. "సరే తియ్యి. గా మాట అంట" అంది.

ఆ రెండు రోజులు ఓదెలు మనిషిలా తిరిగాడు. అరుగు మీద కూర్చోలేదు. ఇంటి ముందు మురికికాలువ తీశాడు, చూరులో ఊడిపోయిన బొంగు కట్టాడు. పుష్పమ్మ కూడా ఒక రాత్రి చాలా రోజులకు తలదువ్వుకుని పూలు అడిగింది. నవ్వులాటకే అడిగింది, అయినా అడిగింది కదా.

మున్షీ రామ్‌చందర్ చెప్పిన రోజే, మిట్టమధ్యాహ్నం వచ్చాడు. అదొక్కటి అతను పొరపాటు చేశాడనుకోవాలి. మధ్యాహ్నం పూట ఏ పాలవాడి కొట్టంలోనూ పశువులుండవు. మేతకో, చెరువులో పడుకోవడానికో పోయి ఉంటాయి. కొట్టం ఖాళీగా ఉందంటే దాన్నిబట్టి ఏమీ తేలదు. అతను కొట్టంలోకి తొంగి చూశాడు. అలికిన నేల, నిండు తొట్టి, గుంజ గుంజకూ కొత్త పలుపు. చూసి, గడపలో నిలబడ్డ సత్తెమ్మ వైపు తిరిగాడు. ఓదెలును వీధిలోనే ఆగమన్నాడు, పక్క నుంచి అందించకూడదని.

"అమ్మా, నీ కొట్టంల జాన్వర్లెన్ని?"

సత్తెమ్మ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఓదెలు వీధిలోంచి ఆ పెదవులనే చూస్తున్నాడు. ఆమె కొట్టం లోపలికి చూసింది, మున్షీని చూసింది, మళ్లీ కొట్టంలోకి చూసింది.

"మందకు పోయినయి" అంది.

"ఎన్ని పోయినయి?"

"ఆరు."

ఓదెలు ఒక అడుగు ముందుకు వేసి, "అవ్వా" అన్నాడు. మున్షీ చెయ్యెత్తి ఆగమన్నాడు. కానీ సత్తెమ్మ ఆగలేదు. ఇన్నేళ్లూ ఎవరూ అడగని మాట అడిగితే ఆమెకు లోపలున్నదంతా పైకి వచ్చేసినట్టుంది. "గంగి, ముత్తెం, లచ్చిమి, కాశి, బోడిది, చిన్నది. చిన్నది తొలిచూలుది. గంగి నేను తప్ప ఎవ్వలు కూసున్నా పాలు చేపది. ముత్తెంకు ఎడమ కొమ్ము వంకర" అని ఒక్కొక్కదాన్ని చూపిస్తున్నట్టు గుంజలకు చెయ్యి చాపి మరీ చెప్పింది.

చచ్చిన బర్రెలకు కొమ్ముల వంకరలు చెప్పే మనిషి అబద్ధమాడుతోందని ఏ మున్షీ అనుకుంటాడు? అతను గడప దిగి వచ్చాడు.

"సాబ్, అవి సచ్చి మూడేండ్లాయె" అన్నాడు ఓదెలు. "మా దాంట్ల పెద్దోళ్లు గా మాట అనరు. అనొద్దని ఉంటది. అందుకని..."

"కన్నతల్లి కొడుకు నోటికాడి కూడు తీసి అబద్ధమాడుతదా భాయ్?"

ఆడుతుంది సాబ్, మా అవ్వ ఆడుతుంది అని ఎలా చెప్పాలి? చెప్తే మాత్రం ఎవరు నమ్ముతారు?

రామ్‌చందర్ చెడ్డవాడు కాదు. సరేలే, ఇంకొకరిని అడుగుదామని వైకుంఠం సేటు దుకాణం దాకా పోయాడు. ఓదెలు వెనకే పోయాడు. ఓదెలు ఇంట్లో పశువులున్నాయా లేవా అని అడిగితే సేటు కాసేపు తక్కెడ సర్దాడు. మూడేళ్లుగా ఆ ఇంటివాళ్లు పిడికెడు చెక్క కొనలేదని అతనికి తెలుసు. తెలిసీ, "వాళ్ల కొట్టం ముచ్చట నా నోటితోని నేనెట్లంట సాబ్? తాతల నాటి పాలోళ్లు. పెద్దిల్లు" అన్నాడు. మర్యాద చేశానని అనుకున్నాడు. ఆ మర్యాద తగలెయ్య.

మున్షీ ఓదెలు భుజం మీద చెయ్యి వేశాడు. "నీ మీద నాకు గుస్సా లేదు. కానీ నిజంగ తిండి లేనోడు నా దఫ్తర్ ముందల నిలబడి ఉన్నడు. ఆరు బర్లున్న నీకిచ్చి గాయన నోట్ల మన్ను కొట్టన?" అని, గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు.

ఓదెలు ఇంట్లోకి రాలేదు. చీకటి పడేదాకా ఎక్కడెక్కడో తిరిగి వచ్చాడు. పుష్పమ్మ అప్పటికి పని నుంచి వచ్చి పొయ్యి ముట్టించింది. సత్తెమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అతను కొట్టంలోకి పోయి పాలు పిండే చెంబు తెచ్చాడు. దాన్ని తల్లి ముందు ఠంగుమని పెట్టాడు.

"పో. గంగి పాలు పిండి తే. పుష్పకు తాపుత. ముత్తెం పాలు తే, అమ్ముకొస్త. ఆరు బర్లున్న మనిషివి, ఇంట్ల సచ్చిపోయేదానికి గ్లాసెడు పాలు ఇయ్యలేవా?"

సత్తెమ్మ చెంబు వైపు చూస్తూ కూర్చుంది.

"పెద్ద మనిషిని గట్లంటరా" అంది పుష్పమ్మ. అనబోయింది ఇంకా ఏదో ఉంది, దగ్గు అననివ్వలేదు. పొయ్యి పొగకు లేచిన దగ్గు ఆమెను వంచేసి, నేలకు కూల్చేసింది. ఓదెలు పోయి వీపు రాశాడు. కొంగు తీసి చూస్తే మళ్లీ ఎర్రగా ఉంది. ఈసారి జీర కాదు. ఆ కొంగును దాచాలని ఇద్దరూ ప్రయత్నించారు కానీ సత్తెమ్మ చూడనే చూసింది.

ఆ రాత్రి ఎవరూ తినలేదు. తల్లిని అలా అన్నందుకు ఓదెలుకు ఏడుపు వచ్చింది, తల్లి అలా చేసినందుకు కోపం వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి చల్లారనివ్వలేదు.

మర్నాడు పుష్పమ్మ గడప దాటబోయి తూలింది. తలుపు పట్టుకుని నిలదొక్కుకుని, మూతికి గుడ్డ కట్టుకుని వెళ్లిపోయింది. సత్తెమ్మ అది చూసి లేచింది. చీపురు ముట్టుకోలేదు. కాళ్లు కడుక్కుని, తల మీదికి కొంగు లాక్కుని వాకిట్లో నిలబడింది.

"నన్ను గా దఫ్తర్‌కు తీస్కపో" అంది.

"ఎందుకు?"

"తీస్కపొమ్మన్నగద."

సత్తెమ్మ కొన్నేళ్లుగా లాల్‌దర్వాజా అమ్మవారి గుడి దాటి పోయింది లేదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఓదెలుకేమో టాంగా పిలిచే స్తోమత లేదు. నాలుగడుగులకోసారి ఆగుతూ, గోడలు పట్టుకుంటూ నడిచింది. దారంతా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. అమ్మవారికి మొక్కుకుంటోందేమో అనుకున్నాడు ఓదెలు. చార్మినార్ దగ్గర జనం ఒత్తిడికి ఆమెను దగ్గరికి తీసుకున్నప్పుడు గానీ అతనికి అర్థం కాలేదు. ఆమె మొక్కుకోవడం లేదు. గొంతు బయటికి రానివ్వకుండా, ఉత్త పెదవులతో ఆ ఒక్క మాటా పలికి చూసుకుంటోంది. నోటికి అలవాటు చేసుకుంటోంది.

ఓదెలు ఆగిపోయి, "వద్దు తియ్యి అవ్వా, ఇంటికి పోదం" అన్నాడు.

"నడువు" అంది సత్తెమ్మ.

మేడమెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. లోపల మున్షీ బల్ల ముందు పదిమంది దాకా నిలబడి ఉన్నారు. ముసలామెను చూసి పక్కకు తప్పుకున్నారు. రామ్‌చందర్ గుర్తుపట్టాడు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"బిడ్డా, నిన్న నువ్వు ఒక మాట అడిగినవు."

"అవునమ్మా."

"గా మాటకు జవాబు చెప్పనీకె వచ్చిన." ఆగింది. దారి పొడుగునా పలికిన మాట, తీరా వచ్చాక రానంది. ఓదెలు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది.

"లేవు" అంది. "ఒక్కటి లేదు. కొట్టం బోసిపోయింది. గంగి లేదు, ముత్తెం లేదు, ఏదీ లేదు. మూడేండ్లాయె బిడ్డా. ఉత్త గుంజలకు పలుపులు కట్టి కూసున్న. నేనే అబద్ధమాడిన. నా కొడుకు ఆడలే."

ఆమె అక్కడితో ఆపలేకపోయింది. దూడ లేదు, గడ్డిపోచ లేదు, పేడ పక్కింటిది, అంటూ లేనివన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. మూడేళ్లు బిగపట్టిన నోరు కదా, ఆపడం ఆమె చేతిలో లేదు. కొంగు జారి భుజాన పడ్డా చూసుకోలేదు.

రామ్‌చందర్ కలం కింద పెట్టాడు. ఓదెలు వైపు చూశాడు.

"అమ్మా, గీ మాట నిన్ననే అనుంటే..." అన్నాడు. "ఆ జాగా నిన్న పొద్దూకి ఇచ్చేసిన. రెండోది గూడ పోయింది. ఇగ సర్కారు నుంచి వేరే హుకుం వస్తే తప్ప నా చేతుల లేదు."

ఆ జాగా దొరికిన మనిషి ఆ గదిలోనే ఉన్నాడు. ఫలక్‌నుమా నుంచి వచ్చాడట. చిరిగిన అంగీ, చేతిలో టోపీ. గోడ వారగా నిలబడి, అన్నీ విని, ఓదెలు కళ్లలోకి చూడలేక టోపీ అంచు నలుపుతున్నాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని ఓదెలు చూశాడు. వాడి చెక్కిళ్లు లోపలికి పోయి ఉన్నాయి. కోపం రాలేదు.

సత్తెమ్మకు మున్షీ మాట ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే, పని ఇయ్యవా?"

"లేదమ్మా."

"అయితే నా మాట నాకు వాపస్ ఇయ్యి బిడ్డా."

"ఏం మాట?"

"గిప్పుడు అన్నగద. పని కోసమే అంటి. పని ఇయ్యనప్పుడు గా మాట నీ దగ్గరెందుకు? వాపస్ ఇయ్యి, పోత."

రామ్‌చందర్‌కు అర్థం కాలేదు. "నేనేం రాసుకోలేదమ్మా. ఎక్కడ రాయలే. ఫికర్ చెయ్యకు" అన్నాడు. మంచికే అన్నాడు. కానీ ఆమె ముఖం ఇంకా పాలిపోయింది. తన నోటిని చీల్చుకుని అన్న మాటను సర్కారు రాసుకోను కూడా లేదు. రాసుకోని మాటను కొట్టేయమని ఎవరిని అడగాలి?

"నేనైతే అన్నగద" అంది మెల్లగా. "అన్నది ఏడికి పోతది?"

వెనక నిలబడ్డవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. వాళ్ల వంతులు వాళ్లకున్నాయి. అప్పుడు ఓదెలు ముందుకు వంగాడు. ఉద్యోగం కోసం కూడా అతను అంత బతిమాలలేదు.

"సాబ్, ఒక్క కాగితం ముక్క తీస్కోండి. అవ్వ అన్నది రాయుండ్రి. రాసి, ఆమె ముందల్నే కొట్టెయ్యుండ్రి. మీకు దండం పెడ్త."

మున్షీ అతని ముఖం చూశాడు. ఏం తోచిందో, పక్కనున్న చిత్తుకాగితం ముందుకు లాక్కున్నాడు. ఉర్దూలో ఒక వరస రాశాడు. వేలు పెట్టి పైకి చదివాడు, సత్తెమ్మ కొట్టంలో పశువుల్లేవు అని. చదివి, కలాన్ని సిరాలో ముంచి, ఆ వరస మీద అడ్డంగా ఒక గీత గీశాడు. ఆ ఇంటికి సర్కారు చేసిపెట్టిన పని అదొక్కటే. కాగితం తిప్పి ఆమె ముందు పెట్టాడు. చదువు రాని సత్తెమ్మ ఆ గీతను చివరి నుంచి చివరి దాకా చూసింది.

"పోయిందా?" అని అడిగింది, మున్షీని కాదు, కొడుకును.

"పోయింది అవ్వా."

ఆమె ఇంకా ఓదెలు ముఖంలోకే చూస్తోంది. అతను చూపు తిప్పుకోలేదు. తిప్పుకుంటే ఆమెకు తెలిసిపోతుంది.

"పోయింది" అన్నాడు మళ్లీ.

రామ్‌చందర్ తర్వాతి మనిషిని పిలిచాడు. ఓదెలు తల్లిని పట్టుకుని ఒక్కో మెట్టే దింపాడు. ఎండ అప్పటికే ఎక్కింది. గౌలిపుర మలుపు తిరిగి వైకుంఠం సేటు ఇంటి వెనకగా వస్తుంటే గోడ అవతల రోకలి పడుతున్న చప్పుడు వినిపించింది. కొద్దిసేపు పడింది, ఆగింది, దగ్గు వినిపించింది, మళ్లీ పడింది. ఇద్దరూ ఆ గోడ పక్కన నిలబడిపోయారు.